ఇల్లంతా వినిపించే కంప్యూటరు

తన కంప్యూటరు ఏం మాట్లాడినా అది ఇల్లంతా వినబడి తీరాలనేది తమ్ముడి పట్టుదల. మనుషులకు రకరకాల పిచ్చులుంటాయి. తాళం వేసిన తలుపును వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసుకునేవాళ్ళున్నారు, ఖాళీ డబ్బాలను ప్రాణంలా దాచుకునేవాళ్ళున్నారు. ఇతనికి ఉన్నది ఈ ఒక్క పిచ్చే. మిగతా విషయాల్లో అతనంత బుద్ధిమంతుడు ఎక్కడా దొరకడని అక్క ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలదు. ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఒట్టు సంగతి మరిచిపోయి తల పట్టుకుంటుంది.

తమ్ముడికి చూపు లేదు. చూపును అంచుల నుంచి కొద్దికొద్దిగా మూసేసే జబ్బు ఒకటి కాలేజీ రోజుల్లో మొదలై, చదువు ముగిసేలోగా పని పూర్తిచేసి వెళ్ళింది. అందుకే అతని కంప్యూటరులో స్క్రీన్ రీడర్ ఉంటుంది. తెర మీద ఏముందో అది పైకి చదివి వినిపిస్తుంది. బాణం మీట నొక్కితే ఒక వాక్యం, మళ్ళీ నొక్కితే ఇంకో వాక్యం. ఆడగొంతే గాని అందులో తడి ఉండదు. పెళ్ళి కబురైనా చావు కబురైనా, గ్యాసు సిలిండరు రేపు వస్తుందన్న కబురైనా ఒకటే గాంభీర్యంతో చదువుతుంది. ఇలాంటి గొంతుతో పనిచేసేవాళ్ళు మామూలుగా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పక్కవాళ్ళకు తెలియకుండా తమ పని తాము చూసుకుంటారు. తమ్ముడూ చాలాకాలం అలాగే ఉన్నాడు. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఇయర్‌ఫోన్ తీసి సొరుగులో పడేసి, వైర్‌లెస్ స్పీకర్లు తెప్పించాడు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, అక్క గదిలో ఒకటి, బాత్రూములో సబ్బుల గూటి పైన ఒకటి.

తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. అందుకని ఆ గొంతుకు అక్కే వరస కలిపి మరదలు అని పిలవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, మీ ఆవిడ పొద్దున్నే అందుకుంది. కాసేపు నోరు మూసుకోమనరా."

"మనం చెబితే వినే రకమా అక్కా అది?"

"పాటలు పెట్టుకో, వద్దనను. పాటలు స్పీకర్లలోకి పంపి, దీన్ని నీ చెవి దగ్గరే ఉంచుకోవచ్చుగా?"

"అలా విడదీయడం కుదరదక్కా. కంప్యూటరు తత్వమే అంత. పంపితే రెండూ వెళ్తాయి, లేకపోతే రెండూ ఆగిపోతాయి."

కంప్యూటరు తత్వం గురించి తమ్ముడు చెప్పాక ఇక వాదించేదేముంది? వారంలో నాలుగు రోజులు అతను చూపులేనివాళ్ళ శిక్షణ కేంద్రంలో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. అక్క గొణుక్కుంటూ వెళ్ళి పొయ్యి వెలిగించేది.

వైర్‌లెస్ స్పీకర్లకు ఒక జాడ్యం ఉంది. కంప్యూటరు అన్న మాట వాటిని చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. పైగా ఆ నాలుగూ నాలుగు రకాలవి కావడంతో ఆలస్యంలో కూడా వాటికి పొత్తు కుదరలేదు. తమ్ముడు ఒక బటన్ మీదికి వెళితే "పంపించు" అని ముందు హాలు అనేది, తర్వాత వంటిల్లు అనేది, అందరూ అనేశాక బాత్రూము కూడా తన సమ్మతి తెలిపేది. నొక్కిన మీటకు వెంటనే జవాబు రాకపోయేసరికి తమ్ముడు అది సరిగా పడలేదేమోనని మళ్ళీ నొక్కేవాడు. దాంతో ఆన్‌లైన్లో తెప్పించిన ప్రతి వస్తువూ ఆ ఇంట్లోకి జంటగా దిగింది. రెండు ఇస్త్రీపెట్టెలు, రెండు గోడగడియారాలు, ఆఖరికి రెండు నిచ్చెనలు.

"రెండు నిచ్చెనలు ఏం చేసుకుంటాంరా?"

"ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి," అన్నాడు తమ్ముడు చాలా గంభీరంగా.

ఇంకో జాడ్యం అంతకన్నా పెద్దది. కాసేపు చప్పుడు లేకపోతే ఆ స్పీకర్లు నిద్రపోతాయి. మళ్ళీ మాట రాగానే దిగ్గున లేస్తాయి గాని, లేచేలోపు మొదటి ముక్క మింగేస్తాయి. ఒకరోజు వంటింట్లో ప్రశాంతంగా ఉల్లిపాయలు తరుగుతున్న అక్కకు "నిన్న రాత్రి చనిపోయింది" అని మాత్రం వినబడింది. చనిపోయింది ఎవరో స్పీకరు కడుపులోనే ఉండిపోయింది. అసలే ఉల్లిపాయల కన్నీళ్ళు. వాటికి నిజం కన్నీళ్ళు తోడై, కత్తి చేత్తోనే పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. తీరా చూస్తే చనిపోయింది తమ్ముడి స్నేహితుడి ఇంట్లో ముసలి పిల్లి. ఆ పిల్లి కోసం అక్క అప్పటికే కార్చాల్సినవన్నీ కార్చేసింది.

ఆ తర్వాత స్పీకర్లను నిద్రపోనివ్వకూడదని తమ్ముడు కంప్యూటరులో సన్నటి వాన చప్పుడు పెట్టాడు. పగలంతా ఆ ఇంట్లో వాన పడుతూనే ఉండేది. మొదటిరోజు కింది అంతస్తు ఆవిడ ఎండలో ఆరేసిన దుప్పట్లు హడావిడిగా తీసుకుపోయింది. ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్ళేముందు కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, మొహమాటపడి, ఇంకో టీ తాగి వెళ్ళేవాళ్ళు.

అన్నిటికన్నా ఘోరం ఆ భవనం సంఘం కార్యదర్శి వచ్చిన రోజు జరిగింది. ఆయన హాల్లో కూర్చుని టీ తాగుతూ, మీవంటి కుటుంబం మా భవనంలో ఉండటం మా అదృష్టమండీ అంటున్నాడు. లోపలి గదిలో తమ్ముడు కొత్తగా వచ్చిన మెయిల్ తెరిచాడు. భవనంలో అందరికీ పంపుతూ కార్యదర్శిగారు పొరపాటున తమ్ముడికీ పంపిన మెయిల్ అది. "మూడో అంతస్తు గోల రోజురోజుకీ భరించలేకుండా ఉంది" అని హాలు అంది. కార్యదర్శి చేతిలో కప్పు ఆగిపోయింది. వంటిల్లు అదే మాట అంది. బాత్రూము కూడా అన్నాక, కింద సంతకం చేసినవారి పేరు, హోదా మరదలు స్పష్టంగా చదివి వినిపించింది. తమ్ముడు బయటికి వచ్చి "మీరన్నది నిజమేనండీ, నాకే భరించలేకుండా ఉంది" అని చేతులు జోడించాడు. పాపం, ఆ మాట ఎంత నిజమో ఆరోజు అక్కకు కూడా తెలియదు.

ఆ గొంతు మాట్లాడే తీరే అక్కకు మరీ విసుగు పుట్టించేది. మొదట్లో అది ఒక్కో మాటనూ నమిలి నమిలి పలికేది. దానికి తోడు తమ్ముడి వ్యాఖ్యానం ఒకటి.

"అక్కా, ఇప్పుడు కంట్రోలూ హోమూ కలిపి నొక్కుతున్నా. చూడు, మొదటికి వెళ్ళిపోయింది!"

"నాకెందుకురా అది?"

"ఊరికే. అక్కా, ట్యాబ్ నొక్కా. ఒక గడిలోంచి పక్క గడిలోకి దూకింది!"

"దూకనీ. కూర మాడిపోతోంది ఇక్కడ."

రోజూ ఇదే తంతు. నెలలు గడిచేకొద్దీ గొంతులో కాస్త చురుకు వచ్చింది. మరదలు ఈమధ్య హడావిడి పడుతోందేమిటని అక్క అడిగితే, ఇంట్లో పాతబడింది కదక్కా, బెరుకు పోయుంటుందిలే అన్నాడు తమ్ముడు.

ఇక అక్క గురించి చెప్పాలి. ఆమె ఒక ఆసుపత్రిలో టైపిస్టు. డాక్టర్లు రోగులను చూసి తమ మాటలు రికార్డు చేసి పెడతారు. అక్క అవి చెవిలో వింటూ రిపోర్టులు టైపు చేస్తుంది. వేళ్ళ వైపు చూడనవసరం లేకుండా టైపు చేయడంలో ఆ విభాగంలో ఆమెకు సాటి లేరు. తమ్ముడికి చూపు పోయినప్పటి నుంచి అతనికి ఉత్తరాలు చదివిపెట్టడం, దారి చూపించడం, చొక్కా రంగు చెప్పడం అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి. ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె ఇంకొకరి కళ్ళు. ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నంతసేపే ఆమె తనకు తాను. ఆ కుర్చీ అంటే ఆమెకు అంత ఇష్టం.

ఆ కుర్చీ ఇప్పుడు పోయేలా ఉంది. తమ్ముడిని పట్టిన జబ్బే, ఇంత వయసు వచ్చాక, తీరిగ్గా ఆమెనూ వెతుక్కుంటూ వచ్చింది. చూపు నాలుగు వైపుల నుంచీ ముడుచుకుంటోంది. ఎదురుగా ఉన్న కప్పు కనిపిస్తుంది, పక్కనున్న తలుపు తగిలాక గాని తెలియదు. ఒంటరిగా వెళ్ళి కళ్ళ డాక్టరుకు చూపించుకుంది. ఇది నెమ్మదిగా పెరుగుతుందే తప్ప తగ్గదని ఆయన చెప్పాడు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి అసలే చెప్పలేదు. వాడికి ఉన్న కళ్ళు తనవే, అవి కూడా పోతున్నాయని తెలిస్తే వాడేమైపోతాడు? చూపులేని వాడికి తన చూపు సంగతి ఎలా తెలుస్తుందిలే అన్న ధైర్యం ఒకటి. అందుకే నుదుటి మీద బొప్పి కట్టినా నవ్వు మొహంతోనే తిరిగేది. చూడలేని వాడి ముందు నవ్వు మొహం ఎందుకని ఆమెకు తట్టనేలేదు.

ఆ వారం ఆసుపత్రిలో ఆమె టైపు చేసిన రిపోర్టులు కొన్ని వెనక్కి వచ్చాయి. తెరకు కుడి అంచున ఒక గడి ఉంటుంది, రోగికి పడని మందులు అందులో రాయాలి. ఆ గడి ఆమె కంటికి ఆనలేదు. అన్నిట్లోనూ ఖాళీగా వదిలేసింది. ఆ విభాగం అధికారిణి శుక్రవారం సాయంత్రం పిలిచి, సోమవారం ఒకసారి నా గదికి రండి అంది. కోపంగా కాదు, మెల్లగా. ఆ మెల్లదనమే అక్కను భయపెట్టింది. జాలిపడి వాళ్ళు పొమ్మనేలోపు తానే మానేస్తానని చెప్పేయాలని నిశ్చయించుకుంది.

ఆదివారం పొద్దున డ్రైవర్‌గారు వచ్చాడు. జీవితమంతా బస్సు నడిపి, షుగరు వల్ల కళ్ళు పోగొట్టుకుని, ఇప్పుడు తమ్ముడి దగ్గర కంప్యూటరు నేర్చుకుంటున్న పెద్దమనిషి ఆయన. తమ్ముడు పాల ప్యాకెట్ల కోసం కిందికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఏదో పొడుగాటి వ్యాసం చదువుతూ ఉండమని మరదలికి పురమాయించి వెళ్ళాడు. డ్రైవర్‌గారు కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించాడు.

"అమ్మా, ఇంట్లో ఎవరండీ మాట్లాడుతున్నారు?"

"మా మరదలు," అంది అక్క అలవాటుగా.

"మాస్టారికి పెళ్ళెప్పుడైందండీ? మాకు మాట మాత్రం చెప్పలేదు!"

"అయ్యో, కాదండీ. వాడి కంప్యూటరు."

"మాస్టారి కంప్యూటరా? ఇంత నెమ్మదిగానా?" డ్రైవర్‌గారి గొంతులో నిజమైన కంగారు. "మాస్టారికి ఒంట్లో బాగోలేదాండీ?"

"వాడికేం, శుభ్రంగా ఉన్నాడు. ఇదింకా నయం, మొదట్లో ఇంతకన్నా నెమ్మదిగా మాట్లాడేది."

"లేదమ్మా, మీకు తెలీదు. సెంటర్లో మాస్టారు వినే వేగం మాలో ఎవరికీ అందదు. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. ఆయనకి ఇలా వినమంటే, బస్సుని ఊరంతా ఫస్టు గేరులో తిప్పమన్నట్టేనండీ. ప్రాణం పోతుంది."

డ్రైవర్‌గారికి ఇంకో సందేహం వచ్చింది.

"అయినా స్పీకర్లోకి ఎందుకొస్తోందమ్మా? మాకు ఆయన చెప్పిన మొదటి పాఠమే అది. పాటలు స్పీకరుకి పంపండి, గొంతు మాత్రం మీ చెవి దాటకూడదు అని. రెండూ విడదీయడం మా చేత మళ్ళీ మళ్ళీ చేయించారు. ఒకరోజు నేను మరిచిపోయి గొంతుని స్పీకర్లోకి వదిలేస్తే, పక్కవాళ్ళ చెవులు మీ బస్టాండు కాదండీ అని ఎంత కోప్పడ్డారనుకున్నారు!"

"విడదీయొచ్చా?"

"నాకే వచ్చింది కదమ్మా, ఇంక రానిదెవరికి?"

స్పీకర్లలోంచి మరదలు తాపీగా చదువుతూనే ఉంది. అక్క గోడకు ఆనుకుని నిలబడి మొదటిసారి దాన్ని తిట్టకుండా వింది. ప్రతి మాటా అర్థమవుతోంది. ఇంత వేగమూ ఆమెకు నెమ్మదిగానే ఉంది. రెండేళ్ళ కిందట, ఈ స్పీకర్లు వచ్చిన కొత్తలో, ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు. రెండేళ్ళ కిందటే ఆమెకు మొదటిసారి తలుపు తగిలింది.

తమ్ముడు పాలతో లోపలికి వచ్చేసరికి అక్క మాటలు ఆపేసి మరదలినే వింటోంది. డ్రైవర్‌గారు, తాను చేసిన తప్పేమిటో తెలియక, చేతికర్ర వెతుక్కుంటూ లేచాడు.

"నేను మళ్ళీ వస్తానమ్మా."

"కూర్చోండి," అంది అక్క. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఎప్పుడు తెలిసిందిరా నీకు?"

తమ్ముడు పాల ప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు. ఏమిటని అడగలేదు.

"నువ్వు తిట్టడం మానేసినప్పుడక్కా. ఇదివరకు చుక్క టీ ఒలికితే కప్పు చేసినవాణ్ణీ, కొన్నవాణ్ణీ, అమ్మినవాణ్ణీ వరసపెట్టి తిట్టేదానివి. తర్వాత్తర్వాత ఒలికినా నోరెత్తకుండా తుడవడం మొదలెట్టావు. నడిచేటప్పుడు వేళ్ళు గోడకి రాస్తున్నావు. ఆ చప్పుడు నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అది నా చప్పుడే."

"మరి నాతో అనలేదేం?"

"నువ్వు నాతో అన్నావా?"

డ్రైవర్‌గారు మెల్లగా దగ్గాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెబితే నేర్చుకునేదానివా?" అన్నాడు తమ్ముడు. "నాకేం ఖర్మరా అని లేచి వెళ్ళిపోయేదానివి. ఆ గొంతు ఎవరికైనా మొదట్లో అర్థం కాదక్కా, చెవికి ఎక్కడానికే చాలా కాలం పడుతుంది. నేను ఏడ్చుకుంటూ నేర్చుకున్నా. నువ్వు తిట్టుకుంటూ నేర్చుకున్నావు. తిట్టుకుంటూ నేర్చుకోవడమే మేలు."

అక్కకు ఒక్కసారిగా చాలా కోపం వచ్చింది. తనను ఇంతకాలం మోసం చేశాడని కోపం. తాను అతన్ని ఇంతకాలం మోసం చేయగలిగాననుకున్నందుకు తన మీద తనకే కోపం. ఆ కోపం వెనకాలే ఇంకో సంగతి తట్టింది. చెప్పుకోవడానికి మనిషి లేడని ఆమె కుమిలిపోయిన ప్రతిరోజూ, ఆ మనిషి పక్క గదిలో కూర్చుని ఆమె కోసం ఒక్కో మాటా నెమ్మదిగా వింటూ విసుగును దిగమింగుతున్నాడు.

"నేనేం నేర్చుకోలేదు," అంది అక్క.

"కూర్చో అయితే."

తమ్ముడు ఏదో మీట నొక్కాడు. స్పీకర్లు నాలుగూ ఆగిపోయాయి. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో పట్టపగలు వాన వెలిసింది. గొంతు ఒక్క కంప్యూటరులోంచే, నొక్కిన వెంటనే పలుకుతోంది. అక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. వేళ్ళు కంట్రోలూ హోమూ వెతుక్కోలేదు, వాటంతటవే వెళ్ళాయి. "మొదటి వరస" అంది గొంతు. కంప్యూటరులో ఉన్న పాత ఫారం ఒకటి తెరిచి ట్యాబ్ నొక్కింది. పేరు గడి. మళ్ళీ నొక్కింది. వయసు గడి. మళ్ళీ. ఒక్కో గడీ దానంతటదే వచ్చి తన పేరు చెప్పుకుని, ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నానని ఒప్పుకుంది. కుడి అంచున ఉన్నదీ అలాగే వచ్చింది. ఈ గొంతుకు కుడీ ఎడమా లేవు. తెరకు ఏ మూల దాక్కున్న గడి అయినా వరసలో వచ్చి ఆమె ముందు నిలబడాల్సిందే.

అక్క మళ్ళీ మొదటికి వెళ్ళి చదివించింది. ఎందుకో నిదానంగా అనిపించి, తమ్ముడు వంటింటి వైపు అరిచి చెప్పే మీటలు గుర్తుచేసుకుని, వేగం కాస్త పెంచింది. ఇంకాస్త పెంచింది.

"నెమ్మదమ్మా, నెమ్మది," అన్నాడు డ్రైవర్‌గారు. "నాకు అందట్లేదు."

"మీరు ఆమె దగ్గర నేర్చుకోండి ఇకనుంచి," అన్నాడు తమ్ముడు. అతని మొహం నిండా గర్వం. కళ్ళు తెరిచేసరికి అది అక్కకు కనిపించింది, ఎందుకంటే అతను సరిగ్గా ఆమెకు ఎదురుగానే నిలబడ్డాడు.

సోమవారం అక్క అధికారిణి గదిలోకి వెళ్ళింది. మానేస్తానన్న మాట ఎత్తలేదు. తన కళ్ళకు ఏమవుతోందో, ఇకపై ఏమవుతుందో దాచకుండా చెప్పింది. ఖాళీగా వెళ్ళిన గడులు తన తప్పేనని ఒప్పుకుంది. తన కంప్యూటరులో స్క్రీన్ రీడర్ పెట్టిస్తే ఆ తప్పు మళ్ళీ జరగదని, ఇప్పుడే చేసి చూపిస్తానని అంది. అధికారిణి అంతా విని, కుర్చీలో కాస్త సర్దుకుంది.

"పెట్టించడం పెద్ద పని కాదండీ. కానీ అది నేర్చుకోవడం చాలా కష్టమంటారు. శిక్షణకి ఎన్నాళ్ళు సెలవు కావాలో చెప్పండి, మొహమాటపడొద్దు."

"సెలవు అక్కర్లేదండీ," అంది అక్క. "వంట చేస్తూ నేర్చేసుకున్నాను."

"వంట చేస్తూనా?"

"అవునండీ. మా తమ్ముడు చెప్పాడు, నాకు చెప్పకుండా."

అధికారిణికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అక్క నవ్వుతూ, కాస్త గర్వంగా, కుర్చీ ముందుకు లాక్కుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.